రిజిస్టరు ఎవరి చేతిలో ఉండాలి?

చిన్న సంఘాల కాపరులకు, పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

యాభై కుటుంబాలు మించని సంఘాలను నడిపిస్తున్నవారికే ఈ ఉత్తరం. ఆఫీసులు, జీతాల మీద పనిచేసే మనుషులు ఉన్న పెద్ద సంఘాల జోలికి నేను పోవడం లేదు. మీలాంటి ఒక చిన్న సంఘంలో పదకొండేళ్లు సహాయాల రిజిస్టరు రాశాను. చుట్టుపక్కల ఏ వీధిలో ఎవరికి ఏమిచ్చాం, ఎప్పుడిచ్చాం, ఎంతయింది, అన్నీ నా చేతిరాతే. లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆ పుస్తకం ఉండాల్సింది నా చేతిలో కాదని తెలుసుకోవడానికి మాత్రం పదేళ్ల పైనే పట్టింది.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇరుగుపొరుగుకు సాయం చేసే పనిని పెద్దల చేతుల్లోంచి తీసి, ఎప్పుడో ఒకప్పుడు ఆ సాయం అందుకున్నవాళ్ల చేతుల్లో పెట్టండి. వాళ్లను కమిటీలో ఒక మూల కూర్చోబెట్టమని కాదు. జాబితా, డబ్బు, బీరువా తాళం, మూడూ వాళ్లకే ఇవ్వండి అంటున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా రిజిస్టరులో పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది, ఏమిచ్చాం అనే గళ్లు ఉండేవి. రెండో ఏడు నేనే స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఇంకో గడి గీశాను: ‘ఆరాధనకు వస్తున్నారా?’ అని. పాస్టరు గారు చెప్పలేదు, పెద్దలు తీర్మానం చేయలేదు. వస్తే టిక్కు, రాకపోతే అడ్డగీత. వరసగా రెండేళ్లు అడ్డగీత పడిన ఇల్లు మూడో ఏడు కొత్త పుస్తకంలోకి ఎక్కేది కాదు. తీసేద్దామని ఎవరూ అనలేదు. పేర్లు ఎక్కించేటప్పుడు నా చెయ్యే ఆ ఇల్లు దాటేసి కిందికి పోయేది.

లూకా సువార్త పదిహేడో అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగుల సంగతి మీరు ఎన్నిసార్లు బోధించారో, నేను ఎన్నిసార్లు విన్నానో. తిరిగి రాని తొమ్మిదిమందిని మందలించడానికే ఆ భాగాన్ని ఎక్కువగా వాడుకుంటాం. ఆ తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగిన మాట నిజమే. కానీ అడిగి ఊరుకున్నాడు. వాళ్లకిచ్చిన స్వస్థత వెనక్కి తీసుకున్నట్టు అక్కడ లేదు. తిరిగొచ్చిన ఆ ఒక్కడూ సమరయుడు, లెక్కప్రకారం బయటివాడు. ఒక ఆదివారం ఇదే వాక్యం వింటుంటే నా ఎర్ర గడి గుర్తొచ్చి తల వంచుకున్నాను. ఇంటికెళ్లాక దాన్ని కొట్టేశానా అంటే, లేదు.

ఇంకొకటి. ఒక ఏడాది దుప్పట్లు పంచాం. మంచి దుప్పట్లే. ఒక్కోదాని మూలన సంఘం పేరు, పక్కన చిన్న సిలువ గుర్తు ఉన్న గుడ్డముక్క కుట్టించాం. ఆ ఆలోచన కూడా నాదే అనుకుంటాను, ఎవరిదైతేనేం, చేయి ఎత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను. నెల తర్వాత ఒక పెద్దావిడ ఇంటికి ప్రార్థనకు వెళ్లాం. మంచం మీద మా దుప్పటే ఉంది. మూలన ఉండాల్సిన గుడ్డముక్క లేదు. బ్లేడుతో ఒక్కో కుట్టూ ఓపిగ్గా విప్పినట్టుంది, దుప్పటికి ఎక్కడా గాటు పడలేదు. సూది చిల్లులు మాత్రం నలుచదరంగా, వరసగా అలాగే మిగిలిపోయాయి. నా చూపు అటు పోవడం చూసి ఆవిడ ఆ మూలను కాలికింద మడిచింది. ఆవిడా ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. ప్రార్థన చేసి వచ్చేశాం.

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆవిడ కుట్టిన అంగీలను, వస్త్రాలను పేతురుకు వాళ్లంతట వాళ్లే చూపించారని అపొస్తలుల కార్యముల తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఎవరు కుట్టారో తెలియడానికి ఏ గుర్తూ అక్కర్లేకపోయింది. మేం గుర్తు కుట్టాం, వాళ్లు విప్పుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. అదే గ్రంథం ఆరో అధ్యాయం తెరవండి. యెరూషలేము సంఘం పెరుగుతోంది. రోజూ జరిగే పంపిణీలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. సణుగుడు అనే మాట మన సంఘాల్లో ఎప్పుడూ పాపం కిందే లెక్క, ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి ఏమయ్యారో మనకు కంఠతా వచ్చు. పన్నెండుమంది అపొస్తలులు కూడా ఆ దారినే పోవచ్చు. ఇచ్చినవాటికి సంతోషించండి అని బోధించవచ్చు. లేదా ఇకమీదట మేమే జాగ్రత్తగా చూస్తాం అని మాటివ్వవచ్చు. నేనైతే ఈ రెండోది చేసేవాణ్ణి, పుస్తకం ఇంకాస్త శుభ్రంగా రాసేవాణ్ణి.

వాళ్లు మాత్రం ఆ పనే తమ చేతుల్లోంచి తీసేశారు. మీలో మంచిపేరున్న ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. ఎంపికైన పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. చివరివాడు పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుమతంలో చేరినవాడు. గ్రీకు పేరున్నంత మాత్రాన ఆ వర్గంవాడే కానక్కర్లేదని, పన్నెండుమందిలోనూ అంద్రెయ, ఫిలిప్పు ఉన్నారు కదా అని వాదించేవాళ్లున్నారు. ఒకటి రెండు పేర్లయితే ఒప్పుకుందును. ఏడుకు ఏడూ అలా కుదరడం యాదృచ్ఛికమంటే నాకు మింగుడు పడదు. ఎవరి ఆడవాళ్లకు అన్నం అందడం లేదో వాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. వాళ్లొక్కరికే కాదు, హెబ్రీ మాట్లాడే విధవరాండ్రకు కూడా ఇక పెట్టేది వాళ్లే. ఆ ధైర్యం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

వాక్యం విడిచి బల్లల దగ్గర పని చేయడం మాకు తగదు అని అపొస్తలులు అన్నమాట పట్టుకుని, వడ్డన పని తక్కువది, అది ఎవరికైనా అప్పగించవచ్చు అనే పెద్దలను చూశాను. పేజీ తిప్పితే చాలు. ఆ ఏడుగురిలో మొదటివాడు యూదుల మహాసభ ఎదుట అంత పొడవు ప్రసంగం చేసి ప్రాణం ఇచ్చాడు, రెండోవాడు సమరయకు వెళ్లి ప్రకటించాడు. బల్ల దగ్గర నిలబెట్టినవాళ్లు బల్ల దగ్గరే ఆగిపోలేదు.

జాబితా ఉండటమే తప్పని నేను అనడం లేదు. జాబితాలు మనకు పుట్టుకతోనే ఉన్నాయి. 251 ప్రాంతంలో రోమా సంఘ కాపరి కొర్నేలియస్, అంతియొకయ కాపరికి రాసిన ఉత్తరంలో తన సంఘాన్ని లెక్కపెట్టి చెప్పాడు: 46 మంది పెద్దలు, ఏడుగురు పరిచారకులు, ఇంకా కొందరు పనివాళ్లు, వాళ్లతోపాటు సంఘం పోషిస్తున్న విధవరాండ్రూ కష్టంలో ఉన్నవాళ్లూ 1,500 మందికి పైగా. సంఘం ఎంత పెద్దదో చెప్పమంటే పోషిస్తున్నవాళ్లను కలిపి చెప్పాడు, అది గమనించండి. మనం వార్షిక నివేదికలో వాళ్లను ‘లబ్ధిదారులు’ అని వేరే పేజీలో రాస్తాం.

తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో విధవరాండ్ర జాబితా సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. అరవై ఏళ్లు దాటి ఉండాలి, పిల్లలను పెంచి ఉండాలి, పరదేశులకు ఆతిథ్యం ఇచ్చి ఉండాలి, పరిశుద్ధుల పాదాలు కడిగి, శ్రమల్లో ఉన్నవాళ్లకు సాయపడి ఉండాలి. సాయం తీసుకునేవాళ్లను ఏరడానికి పెట్టే షరతుల్లా ఇవి లేవు. ఒక పని అప్పగించే ముందు చూసుకునే అర్హతల్లా ఉన్నాయి. ఆ జాబితాలోని ఆడవాళ్లు తినేవాళ్లే కాదు, సంఘం పని చేసేవాళ్లు కూడానని చదివే పండితులు ఉన్నారు, నాకూ అదే సబబుగా తోస్తుంది.

పుస్తకం పైవాళ్ల చేతిలో ఉంటే ఏమవుతుందో చూపడానికి స్కాట్లాండులోని గ్లాస్గో సంగతి ఒక్కటి చాలు. 1819లో థామస్ చామర్స్ అనే కాపరి అక్కడి సెయింట్ జాన్స్ సంఘ పరిధిని 25 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక పరిచారకుణ్ణి పెట్టాడు. ప్రతి ఇంటినీ ఎరిగిన మనిషి ఒకడు ఉండాలన్న ఆ ఆలోచన ఎంత మంచిదో! కానీ సాయం అడిగిన ఇంటికి పరిచారకుడు వెళ్లి, ముందు బంధువులు ఆదుకోగలరా, పొరుగువాళ్లు చూసుకోగలరా అని ఆరా తీసేవాడు. సంఘం చెయ్యి అందించడం ఆఖరిది. పేదలకయ్యే ఖర్చు బాగా తగ్గిందని చామర్స్ గొప్పగా చూపించుకున్నాడు. ఖర్చు తగ్గినందుకు సంతోషం ఎవరిదో ఆలోచించండి. మా వార్షిక సభలోనూ ఒకసారి ‘ఈ ఏడు మిగులు’ అని చదివి చప్పట్లు కొట్టించుకున్నాను.

మా సంఘంలో మార్పు వచ్చింది నాకు జ్ఞానోదయమై కాదు. నాకు ఆపరేషనయి రెండు నెలలు మంచం దిగలేకపోయాను. పుస్తకం ఎవరూ తీసుకోలేదు. చివరికి ఒకావిడ తీసుకుంది. భర్త పోయాక మూడేళ్లు మా రిజిస్టరులో ఉన్న మనిషి, తర్వాత పని దొరికి తనే వచ్చి పేరు తీయించుకుంది. తాత్కాలికంగానే కదా అని పెద్దలు ఒప్పుకున్నారు.

వారానికి పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. “అన్నా, ఈ ఎర్ర గడి ఇంకా రాయాలా?” అంది. ఆ గడి సంగతి నీకెలా తెలుసమ్మా అన్నాను. “వీధిలో అందరికీ తెలుసు. నా పేరు ఎదురుగా మూడేళ్లూ టిక్కే ఉంటుంది చూసుకోండి. ఆ టిక్కు కోసమే వచ్చేదాన్ని. ఇప్పుడూ వస్తున్నాను, అది వేరే సంగతి” అంది.

ఎర్ర గడి ఆ రోజుతో పోయింది.

ఆవిడ చేసినవి పెద్ద పనులేం కావు. ఆరాధన ముగిశాక వరసలో నిలబెట్టి పంచడం ఆపేసి, చీకటి పడ్డాక ఇళ్లకు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి ఒకే మాట అడిగింది: మీకేం కావాలి? యెరికో దారిలో గుడ్డి బర్తిమయిని ప్రభువు అడిగింది ఆ ప్రశ్నే కదా, చూస్తేనే తెలిసిపోయే అవసరం ఉన్నవాణ్ణి కూడా అడిగాడు. పదకొండేళ్లలో నేనొక్కరినీ అడగలేదు, ఏమివ్వాలో మేమే అనుకునేవాళ్లం. మూడు ఇళ్లవాళ్లు మాకిప్పుడేమీ అక్కర్లేదు అన్నారట. మరి ఇన్నాళ్లూ ఎందుకు తీసుకున్నారంటే, వద్దంటే పాస్టరు గారు నొచ్చుకుంటారని. ఒకరికి కావాల్సింది ఆసుపత్రిలో రాత్రిపూట పక్కన కూర్చునే మనిషి. ఒకరికి దరఖాస్తు నింపిపెట్టేవాళ్లు కావాలి. రాత్రి షిఫ్టుకు వెళ్లే తల్లికి, తెల్లారేదాకా పిల్లను చూసుకునే ఇల్లు కావాలి. ఇవేవీ మా బీరువాలో ఉండవు. అన్నిటికన్నా తల దించుకునేలా చేసింది మా ప్రహరీ గోడకు ఆనుకునే ఉన్న ఇల్లు. వాళ్ల పేరు పుస్తకంలో ఏనాడూ లేదు. లోపల మంచాన పడ్డ మనిషి ఉన్నాడు, వాళ్ల కిటికీకి ఎదురుగానే మా మైకు. మీకేం కావాలని అడిగితే, ఆ మైకు అటు తిప్పగలరా అన్నారట. అంతే. ఆ ఇంటికి మా సంఘం చేసిన మొదటి పరిచర్య ఒక స్పీకరును లోపలివైపు తిప్పడం.

అంతా సాఫీగా సాగిందని చెబితే అబద్ధం. కొందరి విషయంలో ఆవిడ నాకంటే కచ్చితంగా ఉంటుంది. అబద్ధం ఆడుతున్నారని ఆవిడకు తెలిసినంత తొందరగా నాకు తెలిసేది కాదు. రెండు నెలలు ఇరవయ్యో తారీకుకే డబ్బయిపోయింది. ఒక పెద్దాయన అలిగి వేరే సంఘానికి వెళ్లిపోయాడు, ఇప్పటికీ నాతో మాట్లాడడు.

మీకు వచ్చే సందేహాలు నాకు తెలుసు, అవన్నీ నేనూ పడ్డవే. తమవాళ్లకే ఇచ్చుకుంటారేమో అంటారు. నా పుస్తకంలో మా ఆవిడ తరఫు బంధువుల పేర్లు రెండున్నాయి, ఎవరూ ప్రశ్నించలేదు. ఒక్కరి చేతిలో పెట్టకండి, ముగ్గురిని పెట్టండి, ఏ ఖర్చుకైనా ఇద్దరి సంతకాలు అడగండి. నెలకోసారి మొత్తం ఎంతయిందో సంఘంలో చదివించండి, పేర్లు మాత్రం చదవొద్దు. వాళ్లకు లెక్కలు రావంటారా? నెలాఖరు వారం ఎలా గట్టెక్కాలో తెలిసినవాళ్లకు లెక్కలు రావంటే నేను నమ్మను. కానుకిచ్చినవాళ్లు ఫొటోలు అడుగుతారంటారు. లెక్కలు చూపించండి, ముఖాలు చూపించొద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికే తెలియకూడదన్నప్పుడు, మనం ఫోన్లన్నిటికీ తెలియజేస్తున్నాం.

మన కానుకలు మనవాళ్లకే అయితే చాలు కదా అనే మాట కూడా పెద్దల కూటాల్లో వినిపిస్తుంది. దానికి జవాబు మన శత్రువు నోటినుంచే వచ్చింది. సంఘం అంటే గిట్టని రోమా చక్రవర్తి జూలియన్ 362లో తన పూజారి ఒకరికి రాస్తూ, ఈ గలిలయవాళ్లు (క్రైస్తవులను అతను అలా పిలిచేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనకు సిగ్గుచేటు అని వాపోయాడు. మన గురించి అలా ఉక్రోషపడేవాళ్లు ఇవాళ మన వీధిలో ఎవరైనా ఉన్నారా?

చిన్న సంఘం కాబట్టి మావల్ల కాదంటారేమో. చిన్నది కాబట్టే అవుతుంది. 1742లో బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంఘానికి మందిరం అప్పు మెడ మీద ఉంది. మనిషికి వారానికి ఒక పెన్నీ వేసుకుందాం అన్నాడు ఫోయ్ అనే ఓడ కెప్టెన్. చాలామంది అదీ ఇవ్వలేని బీదలు అన్నారు. అయితే వాళ్లలో అందరికన్నా బీదవాళ్లు పదకొండుమందిని నాకు అప్పగించండి, వారం వారం నేనే వెళ్లి కలుస్తాను, ఇవ్వలేకపోతే వాళ్ల వంతు నేనే వేస్తాను అన్నాడాయన. అలా ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాకే ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసొచ్చింది. అప్పు వసూలుకు పుట్టిన ఏర్పాటు మనుషులను పట్టించుకునే ఏర్పాటుగా మారిపోయింది. ఒక్కో మనిషికి పది పన్నెండు ఇళ్లు, అంతకు మించి వద్దు. మా దగ్గర ముగ్గురు ముప్పయి ఇళ్లు చూస్తున్నారు. అందులో ఆరాధనకు రాని ఇళ్లు ఎన్నో ఇప్పుడెవరూ లెక్కపెట్టడం లేదు కాబట్టి మీకు చెప్పలేను.

వచ్చే పెద్దల కూటంలో ఈ విషయం ఎత్తండి. తీర్మానం రాసేటప్పుడు ‘పెద్దల పర్యవేక్షణలో’ అనే మాట ఎవరో ఒకరు తప్పకుండా చేర్చమంటారు. చేర్చకండి.

ఇంకో చిన్న సంగతి. పుస్తకం, డబ్బు ఆవిడకు అప్పగించాక కూడా బీరువా రెండో తాళంచెవి నా జేబులోనే ఉండిపోయింది. ఎప్పుడైనా అవసరం పడుతుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగు నెలలు గడిచాయి. ఒక బుధవారం ప్రార్థన కూటం అయ్యాక చెప్పులేసుకుంటుంటే ఆవిడ వచ్చి, “అన్నా, ఆ రెండోది కూడా ఇచ్చేస్తారా” అని చెయ్యి చాపింది. అప్పుడిచ్చాను. కూటానికి వెళ్లే ముందు, మీ బీరువాకు తాళంచెవులు ఎన్నున్నాయో ఒకసారి చూసుకోండి.

మీ సహోదరుడు,
ఒక చిన్న సంఘ సభ్యుడు